పద్దెనిమిది పాయింట్ నాలుగు సెకన్లు

జనవరి 29, బుధవారం

"గురువారం మెయిలుకి స్టేషన్లో ఉంటాను బావా, ఇదిగో సెయ్యి" అని నరసింగరావు నా చేతిలో చెయ్యి వేసి ముప్పై ఎనిమిదేళ్లయింది. బళ్ల పందెం రోజున భావనపాడు సముద్రపు ఇసుకలో పదిమంది చూస్తుండగా వేశాడు. మేమిద్దరం విడివిడిగా తయారుచేసిన రెండు వంద సీసీ ఇంజన్లనూ మద్రాసు తీసుకెళ్లాలి. అక్కడ అతనికి తెలిసిన ఫ్యాక్టరీలో బెంచి మీద వాటి బలం కొలిపించాలి. ఏది గొప్పదని తేలితే దాన్ని ఇద్దరం ఒప్పుకోవాలి. ఇదీ మాట. ఆ గురువారం విజయనగరం ప్లాట్‌ఫారం మీద, గోనె చుట్టిన ఇంజను కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. కొత్తవలస నుంచి పాసింజరు వచ్చింది. అతను దిగలేదు. తరవాత మెయిలు కూడా వచ్చి వెళ్లిపోయింది.

భయపడ్డాడు. అంతకన్నా వేరే అర్థం లేదు.

ఇవాళ ఇది రాయడానికి కారణం పేపర్లో జిల్లా పేజీ. నరసింగరావు ఫొటో వేసి 'ఉత్తరాంధ్ర వేగానికి గురువు' అని పెట్టారు. రాసినవాడు భాస్కర్. నా దగ్గర ఇంటర్ ఫిజిక్సు రెండుసార్లు తప్పిన భాస్కరే. కొత్తవలసలో నరసింగరావు షెడ్డుని ఇప్పుడు కూతురు ఆమని నడుపుతోందట. బండి శక్తిని కొలిచే డైనో మిషను తెచ్చి పెట్టిందట. కింద ఒక వాక్యం: 'నాటి భావనపాడు పందెంలో ఆయన నడిపిన ఇంజను నేటికీ భద్రం.' నడిపిన మాట నిజమే. ఓడిపోయిన మాట రాయడానికి భాస్కర్‌కి చోటు చాలలేదు కాబోలు. ఒకరి తరవాత ఒకరం పరిగెత్తించాం. నాలుగు వందల మీటర్లు వెళ్లడానికి నాకు పద్దెనిమిది పాయింట్ నాలుగు సెకన్లు పట్టింది, అతనికి పంతొమ్మిది పాయింట్ ఒకటి. నా పెళ్లి తారీఖు అడిగితే ఒక్క క్షణం ఆలోచిస్తాను. ఈ అంకెలకి ఆలోచించక్కర్లేదు.

మా ఆవిడ చూడామణి పేపరు చదివి, మడిచి, బల్ల మీద పెట్టింది. సొంత అన్న ఫొటో మీద ఒక్క మాట లేదు. ఆ గురువారం తరవాత ఆవిడ కొత్తవలసలో రైలు దిగలేదు. నేను వెళ్లొద్దన్నాను, ఆవిడ సరేనంది. గొడవేమీ జరగలేదు.

జనవరి 30

భాస్కర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తడు.

ఫిబ్రవరి 1, శనివారం

పేపర్లో వేసిన షెడ్డు నంబరుకే చేశాను. ఆమని ఎత్తింది. పేరు చెప్పగానే, "మావయ్యా, మీరా? అత్త ఎలగుంది?" అంది. ఈ పిల్లని నేను ఎప్పుడూ చూడలేదు. మావయ్యా అనడంలో తడబాటు లేదు, ఎన్నాళ్లనుంచో అలవాటున్న పిలుపులా ఉంది.

విషయం చెప్పాను. నా ఇంజను అప్పటి బండిలోనే ఉంది, నడుస్తుంది. మీ నాన్నదీ ఉంది. రెండూ మీ డైనో మీద ఎక్కించు. మద్రాసులో తేలాల్సింది కొత్తవలసలో తేలుతుంది. అంతేకాదు, భాస్కర్‌ని కూడా పిలు. ఆమని నవ్వి, నాన్నని అడిగి చెబుతానంది. సాయంత్రం చేసి, నాన్న వద్దంటున్నారు మావయ్యా అంది.

చూశారా. ఎవరిని చూశారా అంటున్నానో నాకే తెలియదు, ఈ పుస్తకం చదివేది నేనొక్కణ్ణే. అయినా రాస్తాను: వద్దన్నాడు. డెబ్బై నాలుగేళ్లొచ్చినా ఆ భయం పోలేదు.

డైనో గొప్పదనం ఏమిటంటే దానికి చుట్టరికం లేదు. బరువు తెలిసిన ఇనప రోలరు మీద వెనక చక్రం ఆనించి, బండిని కదలకుండా కట్టి, గేరులో పెట్టి యాక్సిలరేటరు చివరిదాకా లాగడమే. రోలరు ఎంత తొందరగా వేగం అందుకుంటే ఇంజనులో అంత బలమున్నట్టు. మనుషుల మాటలు విని విని విసిగిపోయినవాడికి అంతకన్నా మంచి న్యాయస్థానం ఎక్కడుంది? నేను చరిత్ర చదివాను, తర్కం చదివాను, చలికాలాలు తప్ప మరేమీ లేని విదేశీ నవలలు గంపెడు చదివాను. వాటన్నిటిలోనూ సాక్షులు అబద్ధమాడతారు. రోలరు ఆడదు.

ఫిబ్రవరి 2

నరసింగరావు ఒప్పుకున్నాడట. వచ్చే ఆదివారం. ఒక్క రోజులో మనసు ఎందుకు మారిందో ఆమనికీ తెలియదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

రథసప్తమి. అరసవల్లి అంతా జనం, మా వీధిలోంచి సైకిలు కూడా దూరదు. చూడామణి తెల్లవారకుండానే క్యూలో నిలబడడానికి వెళ్లి మధ్యాహ్నం వచ్చింది. నేను వరండాలో ఇంజను విప్పుకు కూర్చున్నాను.

సిలిండరు లోపల వేలు పెట్టి చూశాను. ఎగ్జాస్టు పోర్టు పైఅంచు ఇప్పటికీ నున్నగా ఉంది. పొగ బయటికి పోయే ఆ కంత ఎంత ఎత్తులో తెరుచుకోవాలో నేను మూడు నెలలు లెక్కకట్టాను. తరవాత ఆకురాయితో వెంట్రుకవాసి చొప్పున అరగదీశాను. నరసింగరావు లెక్క వేసి ఎరగడు. సైలెన్సరు గొట్టాన్ని కోసి, అతికి, మళ్లీ కోసి, చెవితో వినేవాడు. కాలేజీలో మా ప్రిన్సిపాలుకి కూడా తేడా తెలియదు. లెక్చరరువి నీకు మెకానిక్కు పనేమిటయ్యా అనేవాడు. ఆయన పోయాడు. పోయినవాళ్లని క్షమించాలని ఎక్కడో చదివాను గాని, చదివినవన్నీ పాటించాలంటే కష్టం.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఉన్నదున్నట్టు రాయాలి.

ట్రాలీ ఆటోలో బండి ఎక్కించి తాళ్లు కట్టించి, పదిన్నరకి కొత్తవలస చేరాను. చూడామణిని వస్తావా అని అడగలేదు. గుమ్మం దాకా వచ్చి, బండి సీటు మీద దుమ్ముంటే కొంగుతో తుడిచింది.

షెడ్డు రైల్వే గేటు పక్కనే. కిరండూల్ వెళ్లే గూడ్సు వెళ్తుంటే మాట వినబడదు. నరసింగరావుకి ఎలాగూ వినబడదు. నలభై ఏళ్లు విప్పిన సైలెన్సర్ల పక్కన నిలబడ్డాడు కదా, రెండు చెవులూ పోయాయట. మనిషి ఎండిపోయాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "వొచ్చేవా బావా" అన్నాడు, పెద్ద గొంతుతో, చెవిటివాళ్లు మాట్లాడినట్టు. నేను తల ఊపాను.

ఆమని ముప్పై దాటిన మనిషి, జుట్టు ముడేసుకుని నల్లటి చొక్కా వేసుకుంది. పోలికలు మా ఆవిడవే, అది నాకు ఇబ్బందిగా అనిపించింది. భాస్కర్ రాలేదు.

ముందు నాది. ఆమని పట్టీలు బిగించి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి, మూడో గేరులో లాగింది. కంప్యూటరు తెర మీద గీత పైకి ఎక్కి, వంగి, ఆగింది. పదకొండు పాయింట్ ఆరు హార్స్‌పవర్. వెనక చక్రం దగ్గర అది తక్కువేమీ కాదు. అప్పుడు నరసింగరావు బండి ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, "పెట్రోలు సాలక ఆకలితో ఉన్నాది బండి. పెద్ద జెట్టు ఎయ్యమ్మా, పాపం" అన్నాడు. అవతలివాడి బండిని బాగుచేస్తున్నాడు. ఆమని కార్బరేటరులో పెట్రోలు వదిలే జెట్టు మార్చింది. పన్నెండు పాయింట్ ఒకటి.

తరవాత అతనిది. పదమూడు పాయింట్ మూడు.

చివరి అంకె ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాణ్ణి. ఆమని రెండు గీతలనూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. అడుగు నుంచి చివరిదాకా అతని గీత నా గీతకి పైనే ఉంది. నాది మధ్యలో గుంటపడి, చివర్లో మాత్రం ఒక్కసారి ఎగిరింది. అతనిది మిట్ట ఎక్కే ఎద్దులా ఒకే నడకలో వెళ్లింది.

నా టైరులో గాలి తక్కువుందన్నాను. ఆమని కొలిచి కొట్టింది. చైను బిగువన్నాను. వదులు చేసింది. రెండు బళ్లూ లాగినప్పుడు గాలి వేడిలో తేడా ఉందన్నాను. ఆ లెక్క మిషనే సరిచేస్తుంది మావయ్యా అంటూనే, అరగంట ఆగి మళ్లీ నాది లాగింది. పన్నెండు పాయింట్ ఒకటి. అదే అంకె. దాని దిక్కుమాలిన నిలకడ.

నేను గమనించింది ఒకటుంది. నరసింగరావు తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు. గెలిచినవాడు చూడకుండా ఉండగలడా?

దగ్గరికి వెళ్లి అతని చెవిలో అరిచాను. "ఇంత బలం నీ దగ్గరుంటే ఆ రోజు స్టేషనుకి ఎందుకు రాలేదు?" షెడ్డులో పని చేసేవాళ్లు అందరూ తిరిగి చూశారు. నా ప్రశ్న రైల్వే గేటు దాకా వినబడి ఉంటుంది. అతను నా మొహంలోకి చూసి, "టీ సల్లారిపోతన్నాది బావా" అన్నాడు.

ఫిబ్రవరి 10

డైనో అంటే ఏమిటి? గదిలో కట్టేసిన బండి. దానికి ఎదురుగాలి లేదు, ఇసుక లేదు, మీద మనిషి బరువు లేదు. కదలనిదాన్ని కొలిచి వేగం అంటారు. బండి ఉన్నది ఒకచోటు నుంచి ఇంకోచోటుకి వెళ్లడానికి. దానికెంత కాలం పట్టిందన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్ష జరిగిపోయింది. 18.4.

ఫిబ్రవరి 11

ఆమనికి చెప్పాను: మళ్లీ ఇసుకలో పరిగెత్తిద్దాం. సరేనంది. తన దగ్గర ఉపగ్రహంతో కాలం కొలిచే చిన్న పెట్టె ఉందట, బండికి కట్టేస్తే చాలట, వాచీ పట్టుకునే మనిషి అక్కర్లేదట. నాకు ఆ పెట్టె మీద నమ్మకం లేదన్నాను. పాత పరుగుకి సాక్షి ఉన్నాడు, అతని చేత చెప్పిస్తానన్నాను.

ఫిబ్రవరి 12, బుధవారం

టెక్కలిలో బస్సు మారి భావనపాడు వెళ్లాను. కొండబాబు బతికే ఉన్నాడు. ఆ రోజుల్లో పడవ నడిపేవాడు, మా పందెంలో పరుగు మొదలుపెట్టినవాడు అతనే. ఇప్పుడు చేపలకి ఐసు కొట్టే షెడ్డు దగ్గర కూర్చుంటాడు. నన్ను గుర్తుపట్టి, "మాస్టరుగోరు ముసిలోళ్లయిపోనారు" అన్నాడు. తను అవనట్టు.

ఫోన్లో రికార్డు పెట్టి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను.

"ఏటుంది బాబూ సెప్పడానికి. నోట్లో ఈల, సేతిలో తువ్వాలు. ఈలేసి తువ్వాలు కిందకి ఇసిరీసినాను. మీరు ముందరెల్లిపోనారు, తడిసిన ఇసక గట్టిగుంటాదని. ఆ సివర అమ్మగోరు గడియారం అట్టుకుని నిలబడ్డారు."

"మా ఆవిడకి తువ్వాలు కనిపించే దూరమే కదా?"

"ఆ పొద్దు మంచు పట్టీసింది కదేటి. నాకే ఆయమ్మ అవుపడనేదు, ఆయమ్మకి నా తువ్వాలేటి అవుపడతాది? ఈల ఇనే గడియారం నొక్కుంటాది. మీ బావగోరి టయానికి మంచిడిపోనాది. అప్పుడు ఆయమ్మ సీర రంగు కూడా నాకు తెలిసింది."

పక్కన ఐసు కొడుతున్న ఆడమనిషి, ఎవరి చీర రంగు తాతా అని నవ్వింది. కొండబాబు ఆమెని కసిరాడు. ఆ కసురు కూడా రికార్డయింది.

బస్సులో చెరిపేశాను. గాలి చప్పుడు ఎక్కువగా ఉంది, మాట స్పష్టంగా లేదు.

నాలుగు వందల మీటర్ల అవతల నుంచి ఈల చప్పుడు రావడానికి కొంత సమయం పడుతుంది. నా పరుగులో అంత ఆలస్యంగా వాచీ మొదలైందన్నమాట. అంటే అంత సమయం నాకు కలిసొచ్చింది. అతని పరుగులో కలిసిరాలేదు. ఈ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

చూడామణి చిక్కుడుకాయలు వలుస్తోంది. ఎదురుగా కుర్చీ వేసుకుని అడిగాను.

"ఆ రోజు నా పరుగుకి వాచీ ఎప్పుడు నొక్కావు?"

"ఈల విన్నాక."

"మీ అన్నయ్యకి?"

"తువ్వాలు పడడం చూసి." కాయ ఈనె తీసి పక్కన పడేసింది. తల ఎత్తలేదు.

తేడా ఉందని నీకు ఎప్పుడు తెలిసిందన్నాను. చెప్పింది. పందెం మర్నాడు నేను కాలేజీకి వచ్చేశాను. ఆవిడ పుట్టింట్లోనే ఉండి, షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తోంది. దూరంగా గేంగుమేను రైలుపట్టా మీద సుత్తితో కొడుతున్నాడు. సుత్తి పడడం ముందు కనబడుతోంది. చప్పుడు తరవాత, సుత్తి మళ్లీ పైకి లేచాక వస్తోంది. చాలాసేపు చూసిందట. తరవాత లోపలికి వెళ్లి అన్నయ్యకి చెప్పేసిందట.

"ఏమన్నాడు?"

"నవ్వేడు. అయితే మెడ్రాసులో తెలుస్తాదిలే అన్నాడు. నేనే వెళ్లొద్దన్నాను. మీరు అప్పటికే కాలేజీలో అందరికీ చెప్పేసుంటారు, పార్టీ కూడా ఇచ్చేసుంటారు. అక్కడ ఓడిపోతే ఇంటికొచ్చి ఎలగుంటారో నాకు తెలుసు. మూడేళ్ల కాపురం అప్పటికి. అన్నయ్యా, నువ్వు రాకు అన్నాను. సరే, తప్పు నా మీద ఉండనీ, పదిరోజులు తిట్టుకుంటాడు, మానేస్తాడు అన్నాడు."

చిక్కుడుకాయల పళ్లెం పక్కకి జరిపింది.

"పదిరోజులన్నాడు. మీరు నన్ను ఆ ఇంటికి పంపడం మానేస్తారని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అమ్మ పోయినప్పుడు కూడా శ్మశానానికి బయలుదేరాక తీసుకెళ్లి, వీధిలోంచి తీసుకొచ్చీసేరు."

అనడానికి నా దగ్గర ఉన్నవి మంచి మాటలు కావు.

"మొన్న అన్నయ్య వద్దంటే నేనే ఫోన్ చేసి, ఇంక దాచక్కర్లేదు, ఎక్కించీమన్నాను" అంది. తరవాత అడిగింది. "మీకెప్పుడు తెలిసింది?"

"నిన్న, భావనపాడులో."

నా మొహంలోకి చూసింది. ఫిజిక్సు మాస్టారి పెళ్లానికి చదువు లేకపోవచ్చు. చూపుకి ఏ లోటూ లేదు.

ఫిబ్రవరి 14

ఆమని కారు తెచ్చింది. చూడామణి ఒక సంచీ, మందుల డబ్బా, కళ్లజోడు రెండో జత పట్టుకుంది. ఎన్నాళ్లని అడిగితే, తెలీదంది. ఆమని సంచీ అందుకుని కారులో పెట్టింది. చారు పొడి ఎక్కడుందో గుమ్మంలో నిలబడి చెప్పింది చూడామణి. అంత కోపంలోనూ చారు పొడి. అసలు కోపమో కాదో కూడా నాకు అర్థం కాలేదు.

ఫిబ్రవరి 15

అన్నం మాడింది.

ఫిబ్రవరి 16

చారు కూడా.

ఫిబ్రవరి 17, సోమవారం

లెక్క. ఆ పొద్దుటి చలికి ధ్వని వేగం సెకనుకి మూడువందల నలభై మూడు మీటర్లు. నాలుగు వందల మీటర్లకి 1.17 సెకన్లు. 18.4కి కలిపితే 19.57. అతనిది 19.1. దాదాపు అర సెకనుతో ఓడిపోయాను. డైనో చూపించింది అదే.

ఈ సంగతి అప్పుడు నాకు తట్టలేదని రెండు మూడు చోట్ల రాశాననుకుని వెనక్కి తిప్పి చూశాను. ఒకచోటే రాశాను. మిగతాచోట్ల మనసులో అనుకున్నట్టున్నాను. దాన్ని కొట్టెయ్యాలి. కొట్టెయ్యకుండా కింద రాస్తాను.

తట్టింది. పందెం ఆదివారం. సోమవారం పదకొండు గంటలకి రెండో సంవత్సరం వాళ్లకి ప్రాక్టికల్సు. నీళ్ల గొట్టం మీద శ్రుతిదండం పట్టుకుని, ధ్వని వేగం ఎలా కట్టాలో బోర్డు మీద రాస్తున్నాను. మూడువందల నలభై దాకా రాసి ఆగిపోయాను. వెనక ఎవరో సార్ అన్నారు. సుద్దముక్క విరిగిందని చెప్పి ఇంకోటి తీసుకున్నాను. ఏటా అదే పాఠం చెప్పేవాణ్ణి. చెప్పాక ఎవరికైనా తట్టకపోవడం ఉంటుందా?

ఇంకా ఉంది. ఇసుకలో చూడామణి అడిగింది, తువ్వాలు కనబడకపోతే ఏం చెయ్యాలని. ఈల వినగానే నొక్కు, తొందరగా కానీ, అలలు లోపలికి వచ్చేస్తాయి అన్నాను. అది నా మాట. ఆవిడ నేను చెప్పినట్టే చేసింది.

గురువారం ప్లాట్‌ఫారం మీద నా జేబులో నా టిక్కెట్టు ఉంది. ఇంజను ఉంది. మద్రాసు ఫ్యాక్టరీ చిరునామా ఉంది. పాసింజరులోంచి అతను దిగకపోవడం చూసి నేను ఒక కాఫీ తాగాను. అంత బాగున్న కాఫీ తరవాత ఎప్పుడూ తాగలేదు. మెయిలు పది నిమిషాలు ఆగింది. ఎక్కలేదు. ఇంటికి వచ్చి, మీ అన్న మాట తప్పాడు, ఇక ఆ గుమ్మం తొక్కొద్దన్నాను.

ఇప్పుడు చూస్తే, ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

ఆమని ఫోన్. అత్త బాగుందట. అన్నాచెల్లెళ్లు పొద్దున్న లేచిన దగ్గరనుంచి అరుచుకుంటూనే ఉన్నారట, చెవిటివాడితో మాట్లాడాలంటే అరవాలి కదా, వీధి వీధంతా వీళ్ల కబుర్లు వింటోందట. నవ్వుతూ చెప్పింది. తరవాత, "నాన్న ఆదివారం భోజనానికి రమ్మంటున్నారు మావయ్యా. అత్త రమ్మనలేదు, వద్దనీ అనలేదు. వస్తారా?" అంది.

చూస్తాను అన్నాను. చూడను. వెళ్లి ఆ పీట మీద ఎలా కూర్చోను? అతను వడ్డిస్తాడు, పప్పు అరగదేమో చూసుకో బావా అంటాడు. నా బండికి పెద్ద జెట్టు వేయించినట్టే.

రోజంతా తప్పుని పంచి చూశాను. చూడామణికి ఇవ్వబోయాను, ఆవిడ వాటా ఆవిడ ముప్పై ఎనిమిదేళ్లు పుట్టిల్లు లేకుండా అనుభవించింది. మంచుకి, ఈలకి, భాస్కర్‌కి, చచ్చిపోయిన ప్రిన్సిపాలుకి కూడా ఇచ్చి చూశాను. నాకూ ఇచ్చుకున్నాను, పైన రాసే ఉంది. అయినా ఇంకా మిగులుతోంది.

ఆ రోజు అతను రైలు దిగి ఉంటే నేను ఓడిపోయేవాణ్ణి. ఓ నెల ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. తరవాత మామూలు మనిషినయ్యేవాణ్ణి. ఓడిన బావలు ఊళ్లో ఎంతమంది లేరు, పండక్కి వెళ్లి తినడం లేదా. ఆవిడకి పుట్టిల్లు ఉండేది, ఆమని మావయ్యా అని పిలిచే మనిషి ఫోన్లో గొంతుగా మాత్రమే ఉండేవాడు కాదు. ఒక్క ఓటమి చాలేది నాకు. దాన్ని చేతిలో పెట్టుకుని కూడా ఇవ్వకుండా, జాలిపడి, నన్ను గెలిచినవాడిగా వదిలేశాడు. ఎవరు అడిగారు ఆ జాలి?

చెల్లెలు అడిగిందనుకో. చెల్లెలు అడిగితే మాత్రం?

నేను ఇంకా తప్పుపట్టేది నరసింగరావునే.